పందుల కరోనాకి లైవ్ టీకా ఎందుకు? చంపిన వైరస్ చాలదా?

పంది పిల్లల్ని చంపే పీఈడీ (పారుడు జబ్బు) కరోనా వైరస్‌కి లైవ్ టీకా, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్, ప్రమాదం కదా, చంపిన వైరస్ టీకాతో సరిపెట్టుకోకూడదా అని అడిగారు. పందుల ఫారంలో పశువైద్యుడిగా పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను, సరిపోదు.

మా షెడ్‌లోకి అది వచ్చిన రాత్రి ఇంకా కళ్ల ముందే ఉంది. ఈని మూడు రోజులైన పంది, పదకొండు పిల్లలు. సాయంత్రం రెండు పిల్లలు అరగని పాలు గడ్డలుగా కక్కాయి. అర్ధరాత్రికల్లా అన్నిటికీ పసుపు నీళ్ల పారుడు. వెచ్చటి దీపం వదిలేసి తల్లి పొట్ట మీదికెక్కి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. సిరంజితో ఉప్పు, గ్లూకోజు నీళ్లు పడుతూనే ఉన్నాను. మూడో రోజుకి ఒక్కటి మిగిలింది. చచ్చిన పిల్లని కోస్తే పేగు కాగితంలా పల్చబడి, లోపలి నీళ్లు బయటికి కనిపించాయి.

తర్వాత ఆ పేగుల్నే రుబ్బి చూడి పందుల మేతలో కలిపాను, నా చేతులతో. తల్లికి జబ్బు తగిలితే పాలలో రక్షణ వస్తుందని చాలా ఫారాల్లో ఇదే చేస్తారు. డోసు ఎంతో తెలియదు, వాటిలో ఇంకే రోగాలున్నాయో తెలియదు. లైవ్ టీకా అంటే వణికేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మేం తినిపించింది కూడా బతికున్న వైరసే, అదీ కోరలు పీకనిది.

పందుల్లో మాయ గుండా యాంటీబాడీలు పిల్లకి చేరవు. జున్నుపాలు, ఆ తర్వాతి పాలే దిక్కు. పిల్ల పేగుని కాపాడేది పాలలోని ఐజీఏ అనే రకం యాంటీబాడీ. తల్లి పేగు వైరస్‌ని చూస్తేనే ఆ ఐజీఏ తయారుచేసే కణాలు అక్కణ్ణుంచి పొదుగుకి చేరతాయి. కండలోకి పొడిచే చంపిన టీకా, ముందే వైరస్‌ని చూసిన పందికి బూస్టర్‌గా పనికొస్తుంది. చూడని పందికి ఎక్కువగా రక్తంలో ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని పెంచుతుంది, అంతే. రక్త పరీక్ష రిపోర్టు చూపించి టీకా బ్రహ్మాండం అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పాలు పరీక్షించండి!

మీ భయంలో నిజం లేకపోలేదు. కొరియాలో పీఈడీ వైరస్ డీఆర్13 స్ట్రెయిన్‌ని (రకాన్ని) ల్యాబ్‌లో పెంచే వెరో అనే కోతి కణాల్లో 100 సార్లు పెంచి బలహీనపరిచారు. ఇలా చేస్తే మార్పులు ఎక్కడ పడాలో మన చేతుల్లో ఉండదు. జన్యువుల్లో ఒక అక్షరం మారి బలహీనపడిన వైరస్, ఆ అక్షరం వెనక్కి మారితే మళ్లీ కాటేస్తుంది. బయటి వైరస్‌తో ఒకే కణంలో కలిస్తే ముక్కలు మార్చుకుంటుంది కూడా.

అందుకే నా పట్టుదల ఒక్కటే: మార్చడం కాదు, కత్తిరించాలి. ప్రకృతే చేసి చూపించింది. టీజీఈ అనే ఇంకో పంది పేగు కరోనాకి స్పైక్‌లో (కణాన్ని పట్టుకునే ముల్లులో) పెద్ద ముక్క ఊడిపోయి, 1984లో బెల్జియంలో పీఆర్‌సీవీ అనే కొత్త రూపంగా బయటపడింది. పేగు వదిలి ఊపిరితిత్తులకి మారింది, జబ్బు స్వల్పం. అది పాకిన యూరప్ మందల్లో టీజీఈ బాగా తగ్గిపోయింది. ఊడిన ముక్క తిరిగి మొలవడం తేలిక కాదు కదా. ఇప్పుడు రివర్స్ జెనెటిక్స్ అనే పద్ధతితో వైరస్ జీనోమ్‌ని (మొత్తం జన్యు అక్షరాల్ని) ల్యాబ్‌లో మనమే కూర్చుకోవచ్చు. కణం కళ్లుగప్పడానికి వైరస్ వాడే ఎన్‌ఎస్‌పీ15 లాంటి ఎంజైముల్ని పనిచేయకుండా చేయవచ్చు. అయితే ఒక్క చోట చేసి ఆగకూడదు, దూరదూరంగా రెండు మూడు చోట్ల చేయాలి.

టీకా అమ్మడానికి వచ్చినవాళ్లని నేను అడిగేది ఇదే. అప్పుడే పుట్టిన పిల్లలకి ఇచ్చి, వాటి నుంచి తీసి ఇంకో పిల్లలకి, మళ్లీ ఇంకో పిల్లలకి ఎక్కించి చూశారా? చివరి పిల్ల పేగులో దొరికిన వైరస్ సీక్వెన్స్ (జన్యు అక్షరాల వరుస) చూపించండి.