పాడేరు వెళ్తానంటున్న అమ్మాయి, ఐదు లక్షలు పట్టుకుని కూర్చున్న నాన్న

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్ పీజీ, పూర్తిచేసింది. హెచ్‌ఆర్ ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు. పాడేరు ఏజెన్సీలో మానసిక ఆరోగ్యం మీద పనిచేస్తానంటోంది. నా డబ్బులోంచి 5 లక్షలు పెట్టి సంస్థ రిజిస్టర్ చేయిస్తే గ్రాంట్లు వస్తాయా? శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? లేక ఆరు నెలల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ డిప్లొమా చేయించి ఎంవీపీ కాలనీలో క్లినిక్ పెట్టించడం మంచిదా? సంబంధాలు చూస్తున్నాం. పిల్ల ఏం చేస్తోందని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: ముందు ఆ 5 లక్షల సంగతి తేల్చేస్తానండీ. పెట్టకండి. అమ్మాయిని కూడా ఇప్పుడప్పుడే సంస్థ పెట్టనివ్వకండి.

గ్రాంటు సంస్థలకు ఇస్తారు, అదీ పుట్టిన రోజునే ఇవ్వరు. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు సంతకాలు పెడితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. అంతవరకూ తేలికే. ఆ తర్వాత పాన్, స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే దర్పణ్ పోర్టల్లో నంబరు, ఇన్‌కంటాక్స్ మినహాయింపు నమోదులు (పాత చట్టంలో 12ఏ, 80జీ), కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఇచ్చే డబ్బు కావాలంటే సీఎస్‌ఆర్-1 నమోదు. ఇవన్నీ చేతిలో పెట్టుకుని వెళ్తే మూడేళ్లుగా ఏం పనిచేశారో చూపించమంటారు. సీఎస్‌ఆర్ నిబంధనల్లోనే ఆ మూడేళ్ల లెక్క ఉంది. విదేశీ విరాళాలకైతే మూడేళ్ల వయసు చాలదు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు పని మీద ఖర్చుపెట్టి ఉండాలి. కేంద్రం దీనదయాళ్ పథకం కింద, చికిత్సతో కుదుటపడ్డవాళ్లు ఉండడానికి హాఫ్‌వే హోమ్‌లకు డబ్బిస్తుంది. మత్తు నుంచి బయటపడేసే కేంద్రాలకూ వేరే పథకం కింద ఇస్తుంది. గంజాయి బెడద ఉన్న మన్యానికి అది చాలా అవసరం కూడా. కానీ అవన్నీ ఇల్లూ మనుషులూ లెక్కలూ అప్పటికే ఉన్న సంస్థలకు పనికొచ్చే పథకాలు.

మీ 5 లక్షలు ఆఫీసు అద్దెకీ ఆడిటర్‌కీ రెండేళ్లలో కరిగిపోతాయి. ఇలా మొదలుపెట్టిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. రెండో ఏటికల్లా పల్లెకు వెళ్లడం మానేసి ప్రపోజళ్లు రాసుకుంటూ కూర్చున్నారు. ఏ పని మీద మనసుపడి వచ్చారో ఆ పనే చేయలేకపోయారు. వాళ్ల ముఖాలు గుర్తొచ్చే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆన్‌లైన్ డిప్లొమా. ఈ మధ్య నా దగ్గరికొచ్చే ప్రతి రెండో అమ్మాయి ఫోన్లో ఆ ప్రకటనే ఉంటోంది. ఆరు నెలలు, వారాంతం క్లాసులు, చివర్లో 'సర్టిఫైడ్ కౌన్సెలర్' అన్న కాగితం. చట్టప్రకారం ఆ కాగితానికి ఏ విలువా లేదు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ రిజిస్టర్లో పేరుండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది: సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన అదే విభాగంలో ఎం.ఫిల్. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో నడపవద్దని యూజీసీ కూడా 2025లో యూనివర్సిటీలను ఆపేసింది. యూనివర్సిటీలకే వద్దన్న పద్ధతిలో ఆరు నెలల్లో కౌన్సెలర్లను తయారుచేస్తామనేవాళ్లకు మీరు ఫీజు కడతానంటున్నారు.

చట్టం సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఉరేసుకుంటానని ఎదురుగా కూర్చున్న మనిషి నోటినుంచి వచ్చినప్పుడు మీ అమ్మాయి ఏం చేయాలి? ఇంట్లో ఎవరికి చెప్పాలి, పురుగుమందు డబ్బా ఎక్కడ దాచమనాలి, ఏ డాక్టరుకు ఫోన్ చేయాలి? పక్కన అనుభవమున్న మనిషి ఉండగా పదిసార్లు చూస్తేనే ఇది ఒంటబడుతుంది. వీడియోలు చూసి నేర్చుకునేది కాదు. చిన్న కోర్సులన్నీ దండగ అనడం లేదు. హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చిపోయాక మనుషులతో ఎలా మాట్లాడాలో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది, చదివించండి. దాన్ని పట్టుకుని క్లినిక్ బోర్డు మాత్రం కట్టించకండి.

పైగా ఏజెన్సీలో పని గది తలుపేసుకుని గంటసేపు మాట్లాడే పని కాదు. ఒక ఊళ్లో కుర్రాడు తనలో తనే మాట్లాడుకుంటూ తిరుగుతుంటాడు. ఇంట్లోవాళ్లు ముందు దిసారి, అంటే ఊరి నాటువైద్యుడి దగ్గరికే తీసుకెళ్తారు, తప్పుపట్టలేం, దగ్గర్లో ఉన్నది ఆయనే. చివరికి ఘాట్ రోడ్డు దిగి వందకు పైగా కిలోమీటర్లు వచ్చి విశాఖ పెదవాల్తేరులోని మానసిక ఆసుపత్రిలో చూపిస్తారు. నెలకు సరిపడా మాత్రలిస్తారు. రెండో నెల బస్సు ఛార్జీ, ఇద్దరి కూలి పోగొట్టుకుని మళ్లీ ఎవరొస్తారు? నిద్ర పట్టింది కదా అని మందు ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది, మందు పనిచేయలేదంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అందులో ఈ రెండో నెల బస్సు ఛార్జీ కూడా ఉంది.

సోషల్ వర్కర్ కావలసింది అక్కడే. మందు ఊరిదాకా వచ్చేలా పీహెచ్‌సీతో మాట్లాడాలి, ఆశా కార్యకర్తకు చెప్పుకోవాలి, సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ ఇప్పించాలి, అర్హత ఉంటే 6,000 పింఛను వచ్చేదాకా తిరగాలి. అక్కడివాళ్లు మాట్లాడే కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో నాలుగు మాటలైనా నేర్చుకోవాలి. ఫోన్లో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఇచ్చి ఊరుకుంటే చాలదు, సిగ్నల్ లేని ఊళ్లున్నాయి. ఇది జరిగే పనే. పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు కింద ఆశా కార్యకర్తలే ట్యాబ్ పట్టుకుని మానసిక సమస్యలున్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు.

శిక్షణకు మొదటి మెట్టు మీ ఊళ్లోనే ఉంది. పెదవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో కొన్నాళ్లు కూర్చుని నేర్చుకునే వీలు కోసం అమ్మాయిని తన డిపార్ట్‌మెంటు ద్వారా అడగమనండి. బెంగళూరు నిమ్‌హాన్స్ డిజిటల్ అకాడమీ సోషల్ వర్కర్లకు కూడా శిక్షణ ఇస్తుంది, అది చేయవచ్చు. ఎం.ఫిల్ విషయంలో జాగ్రత్త. సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్‌లో చేరడానికి యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది. కాబట్టి ఇకపైన ఏ పేరుతో కోర్సు కనిపించినా, 2017 చట్టం అడిగే అర్హతకు సరిపోతుందని కాగితం మీద రాయించుకున్నాకే ఫీజు కట్టండి.

మనిషికి నేరుగా డబ్బిచ్చేది ఏదైనా ఉందా అంటే, ఫెలోషిప్పులున్నాయి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియాలో 13 నెలలు పల్లెలో ఉండి పనిచేస్తే స్టైపెండు ఇస్తారు. అది కాకపోతే చెన్నై బన్యన్, గోవా సంగత్ లాంటి మానసిక ఆరోగ్య సంస్థల్లో రెండేళ్లు ఉద్యోగం చేయనివ్వండి. ప్రపోజల్ ఎలా రాస్తారో, గ్రాంటు ఆలస్యమైతే జీతాలు ఎలా ఇస్తారో అక్కడే తెలుస్తుంది. అప్పటికీ సంస్థ పెడతానంటే మీ 5 లక్షల మాట ఎత్తండి.

హెచ్‌ఆర్‌తో పోల్చి చెప్పమన్నట్టే అడిగారు. మొదట్లో జీతం హెచ్‌ఆర్‌లోనే ఎక్కువ, అందులో సందేహం లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉన్నా అందులో వచ్చేవి చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. కానీ ఈ చదువున్నవాళ్లు చాలా తక్కువ. రెండు మూడేళ్లు సరైన చోట పనిచేసిన పిల్ల ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. ఒంటరిగా కొండలెక్కి తిరగాలనీ అనుకోకండి. ఈ పనిలో నర్సు, ఆశా, స్థానికులు పక్కన లేకుండా ఎవరూ ఊళ్లోకి వెళ్లరు, వెళ్లకూడదు.

సంబంధాల మాటకొస్తే, ఇక్కడ మీ మీద కోపం వచ్చిందండీ. గ్రాంటు, డిప్లొమా, క్లినిక్ అన్నీ అడిగి, అసలు భయం చివరి రెండు వాక్యాల్లో పెట్టారు. పిచ్చాసుపత్రి పిల్ల అంటారనే కదా? అదే సిగ్గుతో ఎన్ని ఇళ్లలో జబ్బును దాచి మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తున్నారో మీ అమ్మాయి ఫీల్డ్‌వర్క్‌లో చూసే ఉంటుంది. బహుశా అందుకే వెళ్తానంటోంది. మీకెప్పుడైనా చెప్పిందా? మీరు అడిగారా? అడిగేవాళ్లకు 'మా అమ్మాయి సోషల్ వర్కర్, ఏజెన్సీలో మానసిక రోగులకు వైద్యం అందేలా చూస్తుంది' అని చెప్పండి. అది విని వెనక్కి తగ్గే సంబంధం తగ్గనివ్వండి.

ఈ వారంలో ఒకరోజు ఆమెతో కలిసి ఆర్టీసీ కాంప్లెక్సులో పాడేరు బస్సెక్కండి. సంత రోజైతే మరీ మంచిది. ఫీల్డ్‌వర్క్ రిపోర్టు వెంట తెచ్చుకోమనండి, దారిలో చదివి వినిపిస్తుంది.