వెనుక వరుస ఎంపీ దగ్గర పనికి చేరిన అమ్మాయికి

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి బంగారుతల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఒక ఎంపీ గారి దగ్గర పార్లమెంటు పనులు చూసుకోవడానికి చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మర్నాడే నీ ఉత్తరం వచ్చింది. ఢిల్లీలో 26 ఏళ్లు నేను చేసింది ఆ పనే కనుక రెండుసార్లు చదివాను. ఆయన తొలిసారి గెలిచారని, చివరి వరుసలో సీటు ఇచ్చారని, చదువు, వైద్యం, కరెంటు అనే మూడింటి మీదే పని చేయాలని పట్టుదలగా ఉన్నారని రాశావు. మంచి ప్రసంగాలు రాయడం నేర్పమని అడిగావు.

ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ప్రశ్న రాయడం నేర్చుకో. వెనుక వరుసలో కూర్చునే సభ్యుడికి అచ్చంగా సొంతమైనది అదొక్కటే. ఓటు ఆయన చేతిలో లేదు. 1985లో రాజ్యాంగంలోకి పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చినప్పటి నుంచి పార్టీ విప్ జారీ చేస్తే దాని ప్రకారం ఓటు వేయాల్సిందే. చర్చల్లో సమయం పార్టీల బలాన్ని బట్టి పంచుతారు, ఆయన వంతు వచ్చేసరికి మూడు నిమిషాలు మిగిలితే గొప్ప. ప్రశ్న వేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి ఉంటాయి. లాటరీలో తగలాలి, తగిలినా ఆ గంటలో సాధారణంగా ఐదారు ప్రశ్నలకే పిలుపు వస్తుంది. గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230. వాటికి మంత్రి పేరు మీద లిఖితపూర్వక జవాబు వస్తుంది. టీవీలో కనిపించేవి మొదటి రకం కాబట్టి ఎంపీలందరి కళ్లూ వాటి మీదే. నీ శ్రమలో ఎక్కువ భాగం రెండో రకానికి పెట్టు. మంత్రి అంకె వేసి, తేదీ వేసి సభకు ఇచ్చిన కాగితాన్ని తర్వాత ఏ అధికారీ కాదనలేడు. నోటీసుకు పూర్తిగా 15 రోజుల గడువు కావాలి. ఒక్కో మంత్రిత్వ శాఖకు వారంలో జవాబు చెప్పే రోజు వేరు. ఆ పట్టిక రాగానే గోడకు అంటించుకో.

నేను చేరిన కొత్తలో చేసిన పొరపాటు చెబుతాను. ఉత్తరాంధ్రలోని ప్రభుత్వ ఆసుపత్రుల దుస్థితి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా, వస్తే తీసుకున్న చర్యలేమిటి అని ఒక ప్రశ్న రాశాను. చాలా బాగా రాశానని మురిసిపోయాను కూడా. రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశం కనుక బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే అని. ఆ సమావేశాలకు ఆ విషయం అక్కడితో సరి. మా సభ్యుడు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ బాధపడ్డాను. ఆ రాత్రే ఏ అంశం కేంద్రానిదో, ఏది రాష్ట్రానిదో చెప్పే రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు ముందేసుకుని కూర్చున్నాను. నువ్వూ అదే చెయ్యి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రానివి. విద్య 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. విద్యుత్తు మొదటి నుంచీ ఉమ్మడి జాబితాలోనే ఉంది. అణుశక్తి పూర్తిగా కేంద్రానిది. కాబట్టి వైద్యం గురించి అడిగేటప్పుడు ఆసుపత్రిని అడగకు, కేంద్రం ఇచ్చిన డబ్బును అడుగు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం. ఎంత మంజూరు చేశారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయినట్లు లెక్క వచ్చింది అంటే అది రాష్ట్ర అంశమని తప్పించుకునే వీలుండదు.

శాఖ పేరు సరిగ్గా రాయడం ఇంకొక పెద్ద పని. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మన విశాఖనే చూడు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఆరోగ్య శాఖ కింద లేదు, అణుశక్తి విభాగం కింద ఉంది. పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ పెట్రోలియం శాఖది. ఐఐఎం విద్యాశాఖది. ఉక్కునగరం ఆసుపత్రి గురించి ఉక్కు శాఖను, నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కళ్యాణి గురించి రక్షణ శాఖను అడగాలి. ఏజెన్సీలోని ఏకలవ్య ఆదర్శ గురుకులాలు బడులే అయినా విద్యాశాఖవి కావు, గిరిజన వ్యవహారాల శాఖవి. ఒక చోటికి వెళ్లాల్సిన ప్రశ్న ఇంకో చోటికి వెళితే అక్కడి నుంచి బదిలీ అయ్యేసరికి తేదీ దాటిపోతుంది. నేను గోధుమ రంగు అట్ట పుస్తకంలో మన జిల్లాలోని ప్రతి కేంద్ర సంస్థ పేరు, దానికి ఎదురుగా శాఖ పేరు రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా ఉంది, నువ్వు వస్తే ఇస్తాను. జిల్లాలు మూడయ్యాయి కాబట్టి కొంత దిద్దుకోవాలి.

ఏకలవ్య బడుల మాట వచ్చింది కాబట్టి ప్రశ్న కట్టే తీరు వాటితోనే చూపిస్తాను. గిరిజన ప్రాంతాల్లో విద్యాభివృద్ధికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి అని అడిగావనుకో, నాలుగు పేజీల పథకాల వర్ణన వస్తుంది. అందులో మన పాడేరు ఎక్కడా కనిపించదు. 2023-24 బడ్జెట్‌లో 740 ఏకలవ్య బడులకు మూడేళ్లలో 38,800 మంది ఉపాధ్యాయులను, సహాయ సిబ్బందిని నియమిస్తామని ప్రకటించారు. ఇప్పుడు ఆ అంకెను పట్టుకుని అడుగు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని బడులకు ఇందులో వచ్చిన పోస్టులెన్ని? బడివారీగా, సబ్జెక్టువారీగా ఫలానా తేదీ నాటికి భర్తీ అయినవి ఎన్ని? నియమితుల్లో తెలుగు వచ్చినవారు ఎందరు? ఈ చివరి ముక్క తీసేయకు. దేశం మొత్తానికి ఒకే పరీక్ష పెట్టి నియమించినప్పుడు పంతులు భాష పిల్లలకు, పిల్లల భాష పంతులుకు తెలియని పరిస్థితి వస్తుంది. ఆరో తరగతి పిల్ల మాట అర్థంకాని తరగతిలో ఏడాదంతా మౌనంగా కూర్చోవడం కన్నా పెద్ద అన్యాయం నాకు తోచదు.

వైద్యానికి వస్తే సికిల్ సెల్ రక్తహీనత అనే వంశపారంపర్య రక్త జబ్బును వదలకు. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ 2047 నాటికి ఈ జబ్బును తుడిచిపెట్టాలంది, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలంది. జవాబుల్లో ఎప్పుడూ పరీక్షల సంఖ్యే ఇస్తారు, అది పెద్దదిగా ఉంటుంది కాబట్టి. జబ్బు ఉన్నట్లు తేలిన పిల్లల్లో ఎందరు ఇప్పుడు దానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్రలు వాడుతున్నారు, ఆ మాత్రలు వారి ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతున్నాయా అనేది మీరు అడగాలి. ఇది రాసే ముందు ఒకసారి పాడేరు బస్సెక్కు. ఏఎన్ఎంతో, ఆశా కార్యకర్తతో కూర్చో. మందుల రిజిస్టరు చూపించమని అడుగు. గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన నలుగురు ఎక్కడ ఆగారో, ఎంతసేపు నడిచారో వారి నోటే విను. ఢిల్లీలో కూర్చుని వార్తల కత్తిరింపుల నుంచి రాసిన ప్రశ్నలో ఆ ఊరి పేరు ఉంటుంది, ఆ ఊరు ఉండదు.

కరెంటు గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. పరవాడలోని సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2,000 మెగావాట్లు. బొగ్గు ఒడిశా నుంచి వస్తుంది, బూడిద ఇక్కడే ఉండిపోతుంది. పొగలోని గంధకాన్ని తగ్గించాలని 2015 డిసెంబరులో పర్యావరణ శాఖ నిబంధన తెచ్చింది. రెండేళ్లలో కావాల్సిన పనికి గడువు మీద గడువు పెంచుకుంటూ వచ్చి, 2025 జులైలో దేశంలోని చాలా కేంద్రాలకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపులో మన కేంద్రం ఏ వర్గంలో పడింది, ఎందుకు పడింది, పొగ గొట్టం కొలతలు నెలవారీగా ఏం చెబుతున్నాయి? ఇవి అడగడానికి ఇంజినీరు కానక్కరలేదు. అదే ప్రశ్న విద్యుత్తు శాఖకు ఒకటి, పర్యావరణ శాఖకు ఒకటి వేరువేరు మాటల్లో పంపు. రెండు జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో అదే చెబుతుంది. ఆ తేడాయే మీ తర్వాతి ప్రశ్న.

ఈ మూడు విషయాలూ విడివిడి అనుకోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన తర్వాత రోజుల తరబడి మా వీధిలో కరెంటు లేదు. మీ పెద్దమ్మ ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో దాచింది. పట్నంలోనే అలా ఉంటే, కొండ మీద టీకాలు నిల్వ చేసే ఫ్రిజ్ సంగతి ఆలోచించు. మాచ్‌ఖండ్‌లో 1955లోనే జలవిద్యుత్తు మొదలైంది, సీలేరులోనూ తీస్తున్నాం. ఆ నీళ్ల పక్కనున్న గూడేల్లోని ఉపకేంద్రాలకు, బడులకు రోజుకు ఎన్ని గంటలు కరెంటు నిలుస్తుందో ఒక్క ప్రశ్నలో అడిగించు. మీ ఎంపీ గారి మూడు పట్టుదలలూ అందులో కలుస్తాయి.

జవాబులు వచ్చాక అసలు పని మొదలవుతుంది. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం", "విషయం పరిశీలనలో ఉంది" అని మంత్రి అంటే చాలామంది నిరాశపడి కాగితం పక్కన పెడతారు. నువ్వు ఎర్ర సిరాతో గీత గీయి. సభా సంప్రదాయంలో అవి హామీలు. ప్రభుత్వ హామీల సంఘం వాటిని లెక్కలో రాసుకుంటుంది, సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చాలి. నాలుగో నెలలో ఆ సంఘానికి గుర్తు చేస్తూ ఉత్తరం రాయి. నేను చూసిన పనుల్లో సగం ఆ గుర్తుచేసే ఉత్తరాల వల్లే కదిలాయి.

శాఖల పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘాల్లో ఏదో ఒకదానిలో ఆయనకు చోటు వస్తుంది. మొత్తం 24 సంఘాలు, ఒక్కోదానిలో 31 మంది. ఇంధన సంఘం దొరికితే అదృష్టమే. అక్కడ కెమెరాలు ఉండవు, విప్ నడవదు, శాఖ కార్యదర్శి ఎదురుగా కూర్చుని జవాబు చెబుతాడు. సభలో ఏటా కొన్ని శాఖల బడ్జెట్ పద్దులే చర్చకు వస్తాయి, మిగతావన్నీ ఒక్క గంటలో గంపగుత్తగా ఆమోదం పొందుతాయి. సంఘంలో ప్రతి పద్దూ లెక్క తప్పకుండా చూస్తారు. సమావేశానికి ముందు రాత్రి ఆయన చేతికి రెండు పేజీలకు మించి ఇవ్వకు, చదవరు.

ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు పెట్టాలని ఆయనకు ఉబలాటంగా ఉందని రాశావు. ఇంతవరకు చట్టాలైనవి 14, చివరిది 1970లో. ఒకటి పెట్టనీ, శ్రద్ధగా పెట్టనీ. పది వద్దు. 377 నిబంధన కింద వారానికొక విషయం లేవనెత్తే అవకాశాన్ని మాత్రం ఒక్క వారమూ పోనివ్వకు. 250 మాటల్లో రాయాలి, మంత్రి నుంచి ఉత్తరం వస్తుంది.

ఇక ప్రసంగం. మూడు నిమిషాలే కాబట్టి సభాపతికి వందనాలతో అరనిమిషం వృథా చేయనివ్వకు. మొదటి వాక్యంలోనే ఊరి పేరు, అంకె, రెండో వాక్యంలో మంత్రి ఇచ్చిన పాత జవాబు తేదీ. తెలుగులోనే మాట్లాడమను, అనువాదం ఉంటుంది. ఆయన ఇంగ్లీషులో తడుముకునే మాట తెలుగులో తిన్నగా వస్తుంది.

చివరి వరుస అని మీ ఎంపీ గారు చిన్నబోతే ఒక మాట చెప్పు. 1952లో మన విశాఖ నుంచి ఇద్దరు వెళ్లారు, ఇండిపెండెంటుగా గెలిచిన లంకా సుందరం, అల్లూరి పోరాటంలో ఉన్న గాం మల్లుదొర. 1967లో తెన్నేటి విశ్వనాథం వెళ్లారు. కేంద్రంలో మంత్రి పదవి వీరెవరికీ లేదు. 1966 ఉక్కు ఉద్యమం నుంచి 1971లో శంకుస్థాపన దాకా ఆ కోరికను తెన్నేటి వంటివారు విడవకుండా పట్టుకున్నారు.

సమావేశాలు ముగిసి నువ్వు వచ్చేటప్పుడు వచ్చిన జవాబుల ప్రతులన్నీ తీసుకురా. వరండాలో బల్ల ఖాళీ చేయించి ఉంచుతాను. గోధుమ రంగు పుస్తకం కూడా అక్కడే ఉంటుంది.

నీ పెదనాన్న