పరుపుల కింది గుండ్రటి మూతలు

ప్రశ్న: మాష్టారూ, మా బావగారూ నేనూ కలిసి 26 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. క్యాబిన్‌లో పరుపులు ఎత్తితే చెక్క మీద గుండ్రటి ప్లాస్టిక్ మూతలు కనిపించాయి, మొత్తం ఆరు. రెండు ఎంత తిప్పినా రావడం లేదు. ఒకటి తీస్తే లోపల పసుపు రంగు గట్టి నురగ ఉంది. ఇవి సామాన్లు పెట్టుకోవడానికేనా? బియ్యం, పప్పులు, నీళ్ల సీసాలు ఎక్కడ సర్దాలని మా ఆవిడ అడుగుతోంది.
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ నురగ సంగతి. జాగా కోసం దాన్ని తవ్వేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. పడవలోకి నీళ్లొచ్చినా తేలడానికి సాయం చేసేది అదే. బొటనవేలితో నొక్కి చూడండి. పొడిగా, గట్టిగా ఉంటే మూత బిగించేసి మరచిపోవచ్చు. తడి తగిలిందంటే మాత్రం నీళ్లు ఎటు నుంచో దిగుతున్నట్టే. సామాన్ల మాట తర్వాత, ముందు ఆ దారి వెతకండి.

మన బీచ్ రోడ్డు మీది కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లే ఉంటారు, 2002 నుంచీ అది మ్యూజియమే కదా. అందులో పైపులూ వాల్వులూ నడిచే దారి పక్కనే కంటికి కనిపిస్తూ ఉంటాయి. మీ పడవలో వాటి ముందు మంచాలూ అల్మరాలూ కట్టేశారు. వెనక ఉన్నదాన్ని చూడటానికి, చెయ్యి పెట్టడానికి ఆ మూతలు వదిలారు. సామాన్ల అరలకు సాధారణంగా పెద్ద పలక మూతలుంటాయి. గుండ్రటి మూత కనిపిస్తే నేను మొదట అనుకునేది ‘ఇక్కడ ఎవరో ఏదో బిగించారు’ అని. అది తాగునీటి ట్యాంకు కావచ్చు, పైన డెక్కు మీది కొక్కేలను పట్టుకున్న నట్లు కావచ్చు, సముద్రపు నీటి వాల్వు, అంటే పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి పైపులోకి వచ్చే నీళ్లను ఆపేది, కావచ్చు.

ఆ వాల్వు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర ముప్పై ఏళ్లు ఫైబర్ పడవలు బాగుచేశాను. ఒకసారి ఓ తెరచాప పడవలో భీమిలి వైపు వెళ్తుంటే అణియం (పడవ ముందు కొస) దగ్గరి మంచం కింద పైపు క్లిప్పు తుప్పు పట్టి తెగింది. ఆ మూత మీద బియ్యం బస్తా, దాని మీద లంగరు తాడు, ఆపైన పరుపు. వాటిని పెట్టింది నేనే. చీకట్లో అవన్నీ లాగి వాల్వు మూసేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. నీటిమట్టానికి అడుగు కింద అంగుళం రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకు పైగానే వస్తాయి. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్లు నిమిషానికి కనీసం రెండు చొప్పున లోపల కుమ్మరిస్తున్నట్టు ఊహించుకోండి. అందుకే వాల్వు ఉన్న మూత మీద తేలికపాటి దుప్పటి కూడా పెట్టను. ప్రతి వాల్వు పక్కనా దాని రంధ్రానికి సరిపోయే కొయ్య బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతాను.

రాని మూతల్లోకి స్క్రూడ్రైవరు దూర్చకండి, ఎండకూ ఉప్పుకూ పెళుసెక్కిన ప్లాస్టిక్ పగిలిపోతుంది. చుట్టూ వేడినీళ్లు పోసి, కాసేపు ఆగి, అరచేతికి రబ్బరు గుడ్డ చుట్టుకుని తిప్పండి. వచ్చాక రబ్బరు రింగు తుడిచి సిలికాన్ గ్రీజు పూయండి. రింగు చిట్లితే కొత్తది వేయాల్సిందే. లోపల ఏముందో కనిపించకపోతే ఫోను చేతబట్టుకుని, లైటు వేసి వీడియో తీయండి. చెయ్యి పట్టని చోటికి కూడా అది చూస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత నా దగ్గరికొచ్చిన పడవల్లో మూతలు బిగుతుగా ఉన్న గదులు ఎంత పొడిగా ఉన్నాయో నాకింకా గుర్తే.

ఇక మీ ఆవిడ ప్రశ్న. బరువైనవి, అంటే నీళ్లు, బియ్యం, డబ్బాలు, పడవ మధ్యలో, ఎంత కిందికి వీలైతే అంత కిందికి, రెండు పక్కలా సమానంగా ఉండాలి. అణియంలో, అమరంలో (వెనక కొసలో) బట్టలు, దుప్పట్లు చాలు. చివర్లలో బరువు పెడితే అలల మీద పడవ గుర్రంలా ఎగురుతుంది. అరల అడుగున నీళ్లు మధ్య గుంటలోకి పోవడానికి చిన్న కన్నాలుంటాయి, వాటికి ఏదీ అడ్డు పెట్టకండి. డబ్బాల మీది కాగితాలు ముందే చింపేసి మార్కరుతో పేరు రాయమనండి. ఆ కాగితాలు నానిపోయి, ఆ గుంటలోని నీళ్లు తోడే పంపులో ఇరుక్కుంటే తోడే దారి ఉండదు. గ్యాసు సిలిండరు మాత్రం క్యాబిన్ అరల్లో వద్దే వద్దు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే అడుగున చేరి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది.

మిగిలిన మూతలు తెరిచాక పడవ బొమ్మ గీసి, ఏ మూత కింద ఏముందో రాసి, మెట్ల పక్కన అతికించండి. మీ బావగారు ఒక్కరే ఉన్న రోజునా అది పనికొస్తుంది.