పొగడ ఆకుల అంచులు మాడితే తెగులు కాదు, నీళ్లు చూడండి

ప్రశ్న: మా ఊరి బడి ఆవరణలో రెండేళ్ల క్రితం పొగడ మొక్కలు నాటాం. రోజూ బోరు నీళ్లు పోస్తున్నాం. ఆకులు అంచుల నుంచి మాడి రాలిపోతున్నాయి. ఎండు తెగులని మందుల షాపులో కార్బెండజిమ్ (శిలీంధ్రాల మందు), మోనోక్రోటోఫాస్ (పురుగుల మందు) ఇచ్చారు. నాలుగుసార్లు కొట్టినా తగ్గలేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, బాపట్ల జిల్లా తీర ప్రాంతం

జవాబు: అది తెగులు కాదు, ఉప్పు. శిలీంధ్రపు మచ్చలైతే ఎక్కువగా ఆకు మీద అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రంగా వస్తాయి. మీరు పంపిన ఫొటోల్లో ఆకు కొన దగ్గర మొదలైన మాడు రెండంచుల వెంబడి సమానంగా దిగింది, నడి ఈనె పచ్చగానే ఉంది. అదీ ముదురాకుల్లోనే ముందు. నీటితో పాటు వేరు పీల్చిన ఉప్పు ఆకు చివరలకు చేరి అక్కడే పేరుకుంటుంది. వేసవిలో తీరప్రాంతపు బోర్లు ఉప్పెక్కుతాయి. పాదులో పైమట్టి ఎండాక తెల్లటి పొర కడుతోందా, చూడండి.

ముందు నీటి పరీక్ష. బోరు పావుగంట నడిచాక, శుభ్రమైన సీసాను అదే నీటితో కడిగి, అర లీటరు పట్టి భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. నీటిలో ఉప్పెంతుందో చెప్పే కొలత ఇ.సి. అది (డెసిసీమెన్స్/మీటరు లెక్కన) 2 లోపుంటే వాడవచ్చు. 2 నుంచి 4 మధ్య ఉంటే ఒక తడి బోరు నీరు, ఒక తడి మంచినీరు. 4 దాటితే ఆ నీరు మొక్కలకు పోయకండి.

రోజూ చెంబెడు పోయడం మానండి. నీరు ఆవిరై ఉప్పు పైనే మిగులుతుంది. కాలువ లేదా చెరువు నీరు పాదుకు 40–50 లీటర్లు ఒకేసారి పోసి, వారానికి మళ్లీ అంతే పోయండి. ఇసుక నేల కాబట్టి ఉప్పు కిందికి దిగిపోతుంది. తరువాత 4–5 రోజులకోసారి 15–20 లీటర్లు చాలు. ఆకుల మీద బోరు నీరు పడనీయకండి. పాదులో ఎండుటాకులు మూడంగుళాల మందాన పరవండి. కొబ్బరి పొట్టు వేసేటట్టయితే మంచినీటితో రెండుమూడుసార్లు కడిగాకే, దానిలోనూ ఉప్పుంటుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు వద్దు, ఉప్పులో ఉండే క్లోరైడే అందులోనూ ఉంటుంది. జిప్సం కూడా మట్టి పరీక్షలో చౌడు (సోడియం ఎక్కువైన నేల) అని తేలితేనే.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. కొత్త చిగురు శుభ్రంగా వస్తే దారిలో పడ్డట్టే.

ఇక మందుల సంగతి. ఆకు చూడకుండా, నీళ్లెక్కడివని అడక్కుండా రెండు డబ్బాలు చేతిలో పెట్టడం సలహా కాదు, అమ్మకం. మోనోక్రోటోఫాస్ డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటుంది, అంటే అత్యంత విషమని గుర్తు. పిల్లలు రాలిన పొగడపూలు ఏరి దండలు గుచ్చుతారు, పండిన కాయలు తింటారు. అలాంటి చెట్టు మీద ఆ విషమా? 2013లో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో ఈ మందే కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. మిగిలిన డబ్బాలు ఈరోజే బడి నుంచి తీసేయండి, ఖాళీ డబ్బాలు దేనికీ వాడనివ్వకండి. ఈ ఏడాది పూలూ కాయలూ పిల్లల చేతికి అందనివ్వకండి.

ఉప్పు మోసుకొచ్చే సముద్రపు గాలి వైపు వేసవంతా నాలుగడుగుల ఎత్తు షేడ్‌నెట్ కట్టండి. శాశ్వతంగా అటువైపు మొదటి వరుస పొన్న గానీ సరుగుడు గానీ వేసి, వాటి చాటున పొగడ ఉంచండి. పొగడ కొంత ఉప్పు ఓర్చుకుంటుంది గానీ, పొన్న ఓర్చుకున్నంత కాదు. చచ్చిన మొక్కల చోట ఆగస్టు–సెప్టెంబరులో రెండున్నర అడుగుల గుంత తీసి, ఎర్రమట్టి, 10 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, మూడడుగుల మొక్కలు నాటండి.