నోటీసు దేవుని ముందు పరచు

ఒంగోలు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

నీ ఉత్తరం అందింది. వేలంలో పొగాకు బేళ్లు కొనేవాళ్లు లేక నో బిడ్ అయ్యాయనీ, బ్యాంకు నోటీసు వచ్చిందనీ, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోందనీ రాశావు. అన్నింటికంటే నన్ను బాధపెట్టింది ఆఖరి మాట: "విశ్వాసినై ఉండి ఇంత భయపడుతున్నానేంటి అన్నా" అని. ముందు ఆ నింద నీ మీద నుంచి దించుకో. 56వ కీర్తన 3వ వచనం తీయి. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటి ప్రార్థన అది. దావీదుకు భయం వచ్చింది, వచ్చిందని దేవునితోనే చెప్పాడు.

రాత్రి సంగతి మొదట చూద్దాం. మెలకువ రాగానే లేచి కూర్చుని కాళ్లు నేలకు ఆనించు. ఫోన్ ముట్టుకోకు, ఆ వేళ ధరల వీడియోలూ అప్పు లెక్కలూ చూస్తే తెల్లారేదాకా కన్ను మూతపడదు. అదే వచనాన్ని రెండుగా విడగొట్టుకో. "నాకు భయము సంభవించు దినమున" అని మనసులో అనుకుంటూ నాలుగు లెక్కపెట్టేంత సేపు ఊపిరి పీల్చు. "నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటూ ఆరు లెక్కపెట్టేంత సేపు వదులు. ఐదు నిమిషాలు చెయ్యి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, దేవుడు మన ఒంటిని అలాగే చేశాడు. కానీ వచనాన్ని మంత్రంలా గబగబా వందసార్లు అనకు. ఎవరితో మాట్లాడుతున్నావో మరిచిపోతే అది ఉత్త శబ్దం. రాత్రిపూట పొడుగు ప్రార్థన కూడా పెట్టుకోకు. పది నిమిషాలు దాటితే ప్రార్థన పేరుతో మళ్లీ లెక్కలే వేస్తుంటాం. అప్పటికీ నిద్ర రాకపోతే 4వ కీర్తన, 121వ కీర్తన పైకి చదువు. ఒక్కోటి ఎనిమిదేసి వచనాలే.

అసలు పని పగలు చెయ్యాలి. రెండవ రాజులు 19వ అధ్యాయంలో అష్షూరు రాజు బెదిరింపు ఉత్తరం పంపితే, యూదా రాజు హిజ్కియా దాన్ని చదివి, మందిరానికి తీసుకుపోయి, యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. నువ్వూ అదే చెయ్యి. పొద్దున్నే తలుపు వేసుకుని నోటీసు మడత విప్పి బల్ల మీద పెట్టు. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకో. బ్యాంకు బాకీ ఎంత, బయట బాకీ ఎంత, ఎవరికి, ఏ తేదీకి, అన్నీ అంకెలతో రాయి. వాటి కింద నీ భయాలు రాయి: పొలం పోతుందనా, ఊళ్లో తల ఎత్తుకోలేననా, పిల్ల చదువు ఆగిపోతుందనా. ఒక్కోదాని మీద వేలు పెట్టి పేరుతో చెప్పు. "నా కష్టాలు తీర్చు ప్రభువా" అని గుండుగుత్తగా అడిగితే భయం ఎక్కడిదక్కడే ఉంటుంది. హిజ్కియా తన ప్రార్థనలో శత్రువు బలాన్ని తగ్గించి చెప్పలేదు. ఆ రాజులు దేశాలను నాశనం చేసిన మాట ఒప్పుకునే, తర్వాత అడిగాడు. నువ్వూ బాకీ తగ్గించి చెప్పొద్దు, దేవుడికీ, ఇంట్లో నీ భార్యకీ. ఇంతవరకూ ఆమెకు నోటీసు చూపించలేదని నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఈ సాయంత్రమే చూపించు. దాచినంత కాలం నీ భయానికి ఇంకో భయం తోడవుతుంది.

ఫిలిప్పీ 4:6లో విన్నపాలు "కృతజ్ఞతాపూర్వకముగా" అని ఉంది, అది వదిలేయకు. కాగితం వెనక నిన్నటి రోజులో దేవుడు చేసినవి మూడు రాయి. చిన్నవైనా సరే, నిజమైనవి కావాలి.

తర్వాత నెహెమ్యా 4:9. యెరూషలేము గోడ కట్టేవాళ్లు శత్రువులకు భయపడి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు. నీ కావలి బ్యాంకులో ఉంది. నోటీసులో రాసిన తేదీ రాకముందే వెళ్లు. పాస్‌బుక్, నోటీసు జిరాక్సు, వేలం కేంద్రం వాళ్లిచ్చిన కాగితాలు తీసుకెళ్లి, అప్పు రీషెడ్యూల్ చెయ్యమని రాతపూర్వకంగా అడుగు. నీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకో. లోపలికి వెళ్లేముందు ఒక్క వాక్యం చాలు: "ప్రభువా, నాతో రా."

ఇలాంటి సమయంలో కొందరు నిన్ను పక్కదారి పట్టిస్తారు, జాగ్రత్త. బాకీ తీరితే ఇంత ఇస్తానని దేవుడితో బేరం పెట్టుకోకు. కానుక వేస్తే అప్పు పోతుందనీ, నూనె కొనుక్కోమనీ చెప్పేవాళ్ల దగ్గరికి పోకు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో నీకు వచ్చిన, వచనం రాసిన వాగ్దాన కార్డు చూపించి ఫలానా నెలలోగా జరగాలని గడువు పెట్టకు. మన ఒంగోలు ప్రార్థనా కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జువెట్ దొరవారూ కొద్దిమంది తెలుగు విశ్వాసులూ మోకరించింది, మిషనే మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజుల్లో. ఆ ప్రార్థనకు జవాబుగా ఒంగోలుకు మిషనరీ క్లౌ దొరవారు వచ్చింది 1866లో. ఆ పన్నెండేళ్లలో ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం చూస్తే జవాబు రానట్టే కనిపించి ఉంటుంది.

తిండి మానేసి ఉపవాసం అనుకోకు. ప్రవక్త ఏలీయా చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకుంటే, దేవదూత మొదట మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి లేపాడు, మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. వేళకు అన్నం తిను, మధ్యాహ్నం తర్వాత టీ మానెయ్యి. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లు. మందు వేసుకోవడం విశ్వాసానికి తక్కువ కాదు. చనిపోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా ఒంటరిగా ఉండకు. నీ భార్యను నిద్ర లేపు, నాకు ఫోన్ చెయ్యి, 14416కి చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, టెలీ మానస్, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఏమీ ప్రార్థించలేని రోజులు కూడా వస్తాయి. ఆ రోజుకు మార్కు 9:24లో, దయ్యం పట్టిన బిడ్డను యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి అన్న మాట చాలు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." యేసు ఆయన్ని పొమ్మనలేదు, బిడ్డను బాగుచేశాడు.

బ్యాంకుకు ఏ రోజు వెళ్తున్నావో ముందే చెప్పు. ఆ పూట నేనూ మీ వదినా ఇక్కడ ప్రార్థనలో ఉంటాం. కావాలంటే నీతో వస్తాను.

ప్రభువునందు,
మీ అన్న