ప్రశ్న–జవాబు: రాత్రి 11 గంటలకు పగటి ఛార్జీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో, మారతహళ్ళిలోని ఒక పీజీలో ఉంటూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. అభ్యాసం కోసం ఇక్కడి ఆటో ఛార్జీ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాశాను. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒకటిన్నర రెట్లు కనుక ‘ఇఫ్ గంట >= 22 అండ్ గంట <= 5’ అని షరతు పెట్టాను. ఎర్రర్ రావడం లేదు గానీ రాత్రి 11 గంటలకు 6 కిలోమీటర్లకు 162 రూపాయలు రావలసింది 108 మాత్రమే వస్తోంది. ‘ఇఫ్ గంట >= 22 ఆర్ 5’ అని మారిస్తే మిట్టమధ్యాహ్నం కూడా 162 అంటోంది. పొరపాటు ఎక్కడుంది? ఎలిఫ్ ఎప్పుడు రాయాలో, విడిగా ఇఫ్ ఎప్పుడు రాయాలో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ కూడికలో తప్పు లేదు. 2025 ఆగస్టు 1 నుంచి బెంగళూరులో మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 18 రూపాయలు కాబట్టి, 6 కిలోమీటర్లకు పగలు 108, రాత్రి 162 కావడం సరైనదే. (ఆ ధరకు వచ్చే ఆటో దొరకడం వేరే సంగతి; దానికి ఏ ప్రోగ్రామింగ్ భాషలోనూ ఇఫ్ లేదు.)

చిక్కంతా ‘నుంచి, వరకు’ అనే మన మాటల్లో ఉంది. ‘10 నుంచి 5 వరకు’ అనగానే మనకు ఏడు గంటల రాత్రి మొత్తం ఒకేసారి స్ఫురిస్తుంది. ఇఫ్‌కు అలాంటి వ్యవధి ఏదీ తెలియదు. ప్రోగ్రామ్ ఆ వరుసకు చేరిన క్షణాన ‘గంట’ అనే వేరియబుల్‌లో ఉన్న ఒకే ఒక్క సంఖ్యను తీసుకొని, షరతు నిజమా కాదా అన్నది మాత్రమే తేల్చుకుంటుంది. అండ్ రాశారంటే రెండు షరతులూ ఆ ఒక్క సంఖ్యకే చెల్లాలి. 22కు తక్కువ కాకుండా, 5కు మించకుండా ఉండే సంఖ్య ఎక్కడుంది? రాత్రి 11కు ‘గంట’ 23 కనుక మొదటి షరతు నెగ్గి రెండోది ఓడుతుంది. తెల్లవారుజామున 3కు మొదటిదే ఓడిపోతుంది. ఆ ఇఫ్ కింద రాసిన వరుస ఏనాటికీ నడవదు. వాక్య నిర్మాణం సరిగ్గానే ఉంది కాబట్టి పైథాన్ ఎర్రర్ చూపదు.

అర్ధరాత్రి కాగానే ‘గంట’ 24 కాదు, 0 అవుతుంది. అందువల్ల మనకు ఒకటిగా తోచే రాత్రి ప్రోగ్రామ్‌కు రెండు ముక్కలు: 22, 23 ఒక ముక్క, 0 నుంచి 4 దాకా మరో ముక్క. ఏ ముక్కలో ఉన్నా రాత్రి ఛార్జీయే కనుక ఇక్కడ ఆర్ రావాలి. ‘పది దాటినా, ఇంకా ఐదు కాకపోయినా రాత్రి ఛార్జీయే’ అని తెలుగులో ఒకసారి చెప్పుకొని చూస్తే, ఆ రెండు ‘నా’ల మధ్య ఉన్నది ఆర్ అని మీకే తెలుస్తుంది. కాబట్టి ‘ఇఫ్ గంట >= 22 ఆర్ గంట < 5’ అని రాయండి. ఇక్కడ <= పెడితే 5 గంటల 40 నిమిషాలకు ఎక్కినవారి మీద కూడా రాత్రి ఛార్జీ పడుతుంది, ఎందుకంటే అప్పటికీ ‘గంట’ విలువ 5 గానే ఉంటుంది.

మీ రెండో ప్రయత్నంలో ‘ఆర్ 5’ అన్నప్పుడు ‘గంట’ అనే మాటను మనుషులైతే తమంతట తామే కలుపుకుంటారు. పైథాన్ కలుపుకోదు. ఆర్‌కు కుడివైపున 5 ఒంటరిగా నిలబడితే, సున్నా కాని ప్రతి సంఖ్యనూ అది నిజం కిందే జమకడుతుంది కనుక మీకు రోజంతా రాత్రే అయింది.

ఇక ఎలిఫ్ సంగతి. ఒకే ప్రశ్నకు ఉన్న పలు జవాబుల్లో ఒక్కటే చెల్లేటప్పుడు ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ గొలుసు రాయాలి. అందులో మొదట నిజమైన దాని దగ్గరే పైథాన్ ఆగి, మిగతావాటిని చూడకుండా కిందికి వెళ్ళిపోతుంది. దూరం అలాంటిదే: 2 కిలోమీటర్లలోపు, లేదా అంతకు మించి. రాత్రి వేళ, అదనపు సామాను అనేవి మాత్రం రెండు వేర్వేరు ప్రశ్నలు. పెద్ద పెట్టెలతో రాత్రి 11కు ఎక్కినవారికి రెండూ వర్తిస్తాయి. సామాను షరతును రాత్రి షరతు కింద ఎలిఫ్‌గా రాశారా, రాత్రి నిజం కాగానే సామాను రుసుము ఎగిరిపోతుంది. పగటి విలువలతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు కూడా.

పరీక్షించడానికి రాత్రి దాకా మేలుకొని ఉండనక్కరలేదు. గడియారం నుంచి తీసుకునే బదులు ‘గంట’ విలువగా 21, 22, 23, 0, 4, 5 మీరే ఒక్కొక్కటిగా ఇచ్చి, దూరం 6 కిలోమీటర్లే ఉంచండి. 21కి, 5కి 108, తక్కిన నాలుగింటికి 162 రావాలి.