రిల్కే ‘చిరుతపులి’ జంతువుల నిర్బంధం మీద నిరసన కవితేనా?

అవును, అలాగే చదవవచ్చు, కానీ అందులో నినాదం గానీ నింద గానీ ఒక్కటీ లేదు. జర్మన్ భాషా కవి రిల్కే గత శతాబ్దం మొదట్లో, పారిస్‌లోని జార్దాఁ దే ప్లాంత్ జంతుశాలలో బోనులో ఉన్న చిరుతను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాడు. మూడు చరణాలు, 12 పాదాలు, అంతే.

దాని బలమంతా చూపు ఎవరిదన్న చోట ఉంది. కవితలో ‘నేను’ లేడు, కాపలావాడు లేడు, టికెట్ కొని వచ్చిన జనం లేరు. మొదటి చరణంలో కదిలేది చిరుత కాదు, ఊచలు! అవి కళ్ల ముందు నుంచి అదే పనిగా సాగిపోతుంటే చూపు అలసిపోతుంది. వెయ్యి ఊచలున్నట్టు, వాటి అవతల లోకమే లేనట్టు ఉంటుంది. అంటే చదివేవాణ్ణి కవి బోను లోపల నిలబెట్టాడు. బయట నిలబడి జాలిపడే కవితలు చేయలేని పని ఇది.

రెండో చరణంలో మెత్తని, బలమైన అడుగులు అతి చిన్న వలయంలో తిరుగుతుంటాయి. బోనుల్లో పెద్ద జంతువులు ఇలా ఒకే దారిలో పదేపదే తిరగడాన్ని ఇప్పుడు జంతు ప్రవర్తన నిపుణులు నిర్బంధం వల్ల కలిగే బాధకు గుర్తుగా చూస్తున్నారు. ఆఖరి చరణంలో, ఎప్పుడో ఒకప్పుడు కనుపాప తెర లేచి ఒక దృశ్యం లోపలికి వెళ్తుంది. బిగిసిన ఒళ్లంతా దాటి, గుండె దగ్గర లేకుండా పోతుంది.

చాలామంది ఈ చిరుతను కవి ఒంటరితనానికి ప్రతీకగా మాత్రమే చెబుతారు. ఆ అర్థం తప్పు కాదు, చాలదు. రిల్కే జంతుశాల పేరును శీర్షిక కిందే రాశాడు, కాబట్టి ఆ బోను నిజమైన బోను.